గోదావరిపై నల్లని పొగ

శివరాత్రినాడు తెల్లవారక ముందే పట్టిసీమ రేవు మేలుకొంటుంది. గోదావరి నడుమ దేవకూట పర్వతంపై వెలసిన వీరేశ్వరస్వామిని దర్శించడానికి ఏటి కిరువైపుల నుండి వచ్చిన జనం ఇసుక తిన్నెలమీద బారులు తీరి నిలిచి ఉంటారు. దక్షుని శిరస్సును ఖండించిన వీరభద్రుని ఆయుధం పట్టసమనీ, దానిని బట్టియే ఈ క్షేత్రానికి పట్టిసమనే పేరు వచ్చినదనీ స్థలపురాణం చెబుతున్నది. రేవులో లాంచీ కట్టు విప్పుతారు. సరంగు చక్రం పట్టుకొంటాడు. క్రింద ఇంజను గదిలోని మనిషి యంత్రాన్ని కదిలిస్తాడు. ఒక్క క్షణం దడదడలాడి ఇంజను అందుకొంటుంది. వెనువెంటనే గొట్టం నుండి కాటుక వంటి పొగ గుప్పున లేచి, మంచుతెరలో కలిసి, గుడివైపు మెల్లగా సాగిపోతుంది.

ఆ పొగను యాత్రికు లెవ్వరూ అంతగా పట్టించుకొనరు. కొందరు పైటకొంగు, కొందరు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకొంటారు; గట్టు చేరగానే మరచిపోతారు. భక్తునికి అది కొద్ది నిమిషాల బాధ. ఇంజను గదిలోని మనిషికి అది జీవితకాలపు గాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుష్యులకు నిశ్చయంగా కాన్సరు కలిగించే పదార్థాల వరుసలో చేర్చినది. అందువల్ల ఈ పొగ సంగతి కేవలం యంత్రశాస్త్రం కాదు. లాంచీ అడుగున కూర్చున్న ఆ మనిషి ఊపిరికి సంబంధించిన సంగతి. ఆ ఊపిరికి గోదావరి గట్టున పెరిగే కానుగచెట్టు ఏమైనా సాయపడగలదా అన్నదే ఇక్కడ విచారించవలసిన ప్రశ్న.

పొగ ఎట్లా పుడుతుంది?

సైకిలు చక్రానికి గాలికొట్టిన ప్రతి విద్యార్థికీ డీజిల్ ఇంజను మూలసూత్రం తెలిసియే ఉన్నది. ఆ సంగతి అతనికి తెలియదు, అంతే. నాలుగు మార్లు గాలికొట్టి పంపు అడుగును తాకితే చేయి చురుక్కుమంటుంది. గాలిని ఇరుకులో పెట్టి నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిల్ ఇంజనులో పిస్టను గాలిని దాని మొదటి పరిమాణంలో పదహారవ వంతుకో, ఇరవయ్యవ వంతుకో నొక్కివేస్తుంది. అప్పుడా గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించి కాగుతుంది. సరిగా ఆ అదనుకు నాజిలు ద్వారా నూనెను తుంపరగా చిమ్ముతారు. నిప్పురవ్వ అక్కరలేదు, ఆ తుంపర తనంతట తానే భగ్గున మండుతుంది. ఆ మంట నెట్టిన నెట్టుకే పిస్టను క్రిందికి దిగుతుంది, పంకా తిరుగుతుంది, లాంచీ ఎదురీదుతుంది.

ఐతే ఈ పనంతా జరిగే వ్యవధి సెకనులో కొన్ని వందలవ వంతులు మాత్రమే. అంత స్వల్పకాలంలో ప్రతి తుంపరబొట్టు చుట్టూ తగినంత ఆమ్లజని చేరదు. బొట్టు పైభాగం మండుతుండగా నడుమనున్న నూనె గాలి అందక వేగిపోయి బొగ్గుగా మిగులుతుంది. మూత బిగించిన పొయ్యిపై అన్నం మాడినట్లే ఇదియును. ఆ బొగ్గుపొడియే నల్లని పొగ. దానితోపాటు సగం మండిన కార్బన్ మోనాక్సైడు, మండకుండా మిగిలిన హైడ్రోకార్బనులు, మితిమీరిన వేడిమికి గాలిలోని నత్రజనియే ఆమ్లజనితో కలియగా పుట్టిన నత్రజని ఆక్సైడులు వెలువడుతాయి. వీటిలో కంటికి కనబడేది ఒక్క పొగయే. తక్కినవి కనబడవు, కనబడనంత మాత్రాన లేవని కాదు.

వేరుశనగ నూనెతో తిరిగిన ఇంజను

ఈ ఇంజనును సృష్టించిన రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్ నగరంలో జన్మించిన జర్మను. 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో అతని ఇంజనును పరీక్షించినపుడు, నూనెలోని శక్తిలో 26 శాతానికి పైగా పనిగా మారినట్లు తేలినది. ఆనాటి మంచి ఆవిరియంత్రాలకు పది శాతం దాటడమే గగనమై ఉండెను. లోకం ఆశ్చర్యపడినది.

ఏటేటా ఆగస్టు 10వ తేదీన ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం జరుగుతున్నది. 1893లో అదే దినాన డీజిల్ తన ఇంజనును వేరుశనగ నూనెతో నడిపినాడని పాఠశాలల్లో చెప్పడం వాడుక. ఈ మాట సరిదిద్దుకొనవలసినది. ఆ రోజున అతని తొలి నమూనా మొదటిసారి పేలి కదిలిన మాట నిజమే గాని, దానికి పోసినది వేరుశనగ నూనె కాదు. వేరుశనగ నూనె కథ 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనశాలలోనిది. ఫ్రెంచి ప్రభుత్వం కోరికపై ఆటో కంపెనీవారు ఒక చిన్న డీజిల్ ఇంజనును అక్కడ ఆ నూనెతో నడిపి చూపినారు. చూసినవారిలో కొద్దిమందికి మాత్రమే అది నేలనూనె కాదని తెలిసినదట. ఆఫ్రికాలోని తమ వలసలలో వేరుశనగ విరివిగా పండుతున్నది గనుక, అక్కడి యంత్రాలకు అక్కడి నూనెనే వాడవచ్చునని ఫ్రెంచివారి ఊహ. 1913 సెప్టెంబరులో ఇంగ్లండుకు పోతూ డీజిల్ ఓడమీద నుండి అదృశ్యుడైనాడు. నేలనూనె చౌకగా దొరికిన ఆ కాలంలో అతని ఇంజను ప్రపంచమంతటా వ్యాపించినది. వేరుశనగ నూనె మాట మాత్రం మూలపడినది.

మూలపడిన మాట కరువు వచ్చినపుడెల్లా లేచి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, భారతీయ శాస్త్రజ్ఞులు దేశవాళీ నూనెలను డీజిల్ ఇంజనులలో పరీక్షించి ఫలితాలను ప్రకటించినారు. అంతకు ముందే 1937లో బెల్జియం దేశపు శాస్త్రజ్ఞుడు షవాన్ తాటిజాతి చెట్టైన పామ్ నూనెను సంస్కరించే పద్ధతికి పేటెంటు పొందినాడు. ఆ మరుసటి సంవత్సరం బ్రస్సెల్స్, లూవేన్ పట్టణాల నడుమ ఒక బస్సును ఆ ఇంధనంతో నడిపినారు. నేడు బయోడీజిల్ అని వ్యవహరిస్తున్నది అదే.

నూనెకు జరిగే సంస్కారం

నూనెను ఉన్నదున్నట్లు ఇంజనులో పోస్తే ఏమి? కొంతకాలం నడుస్తుంది, పిదప మొరాయిస్తుంది. దానికి కారణం స్నిగ్ధత, అనగా జిగురుతనం. కానుగ నూనె జిగురుతనం డీజిల్ కన్న పదిరెట్లకు పైన. నాజిలు సన్నని రంధ్రాల నుండి అది పొగమంచువలె చిమ్మదు, లావుబొట్లుగా పడుతుంది. లావుబొట్లు సరిగా మండవు. నాజిలుకు మసి అంటుకొంటుంది, రింగులు అతుక్కొనిపోతాయి, కందెన నూనె చిక్కబడుతుంది.

నూనె అణువు స్వరూపం చూస్తే చిక్కు ఎక్కడున్నదో, దానిని విప్పడం ఎట్లాగో తెలుస్తుంది. గ్లిసరిన్ అనే ఒక చిన్న కాడికి మూడు పొడవాటి కొవ్వు ఆమ్లాల గొలుసులు కట్టి ఉంటే అది ఒక నూనె అణువు. మూడెడ్లను ఒకే కాడికి కట్టినట్లున్న ఆ బరువే నూనె మందకొడితనానికి మూలం. నూనెను 60 డిగ్రీల వరకు వేడిచేసి, కొద్దిపాటి కాస్టిక్ సోడా కరిగించిన మిథనాల్‌ను అందులో కలిపి బాగా చిలికితే, కాడి ఊడిపోయి మూడు గొలుసులూ విడివడి, ఒక్కొక్కటి ఒక్కొక్క మిథనాల్ అణువుతో జతకూడుతుంది. గ్లిసరిన్ బరువైనది గనుక అడుగున దిగుతుంది. పైన పలుచని పసుపుపచ్చ ద్రవం తేలుతుంది. నూరు కిలోల నూనెకు సుమారు పదకొండు కిలోల మిథనాల్ చెల్లి, దాదాపు నూరు కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిసరిన్ లభిస్తాయి. పైద్రవాన్ని నీటితో కడిగి తడి ఆర్చితే ఇంధనం సిద్ధమైనట్లే. దాని జిగురుతనం డీజిల్‌కు చేరువ.

కానుగ వంటి నూనెలలో విడి ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. అట్టివానిలో తిన్నగా కాస్టిక్ సోడా వేస్తే ఇంధనానికి బదులు సబ్బు తయారవుతుంది. అందువల్ల ముందుగా ఆమ్లంతో ఒక విడత శుద్ధిచేసి, తరువాతనే క్షారం కలపాలి. ఈ ప్రక్రియ చెప్పినంత సులువుగా కనిపించినా, పాఠశాలలో చేయదగినది కాదు. మిథనాల్ ఘోరమైన విషం, తేలికగా అంటుకొనేది. కాస్టిక్ సోడా చర్మాన్ని, కండ్లను దహిస్తుంది. ఉపాధ్యాయులు తరగతిలో చూపదగిన ప్రయోగం వేరొకటి కలదు. సన్నకాడ గల ఒక గరాటులో కొలత ప్రకారం చల్లని నువ్వులనూనె పోసి, అది కారిపోవడానికి పట్టిన కాలాన్ని గడియారంతో చూడాలి. పిదప వేడినీటిలో ఉంచి వెచ్చచేసిన అదే నూనెతోను, చివరకు నీటితోను ఆ పరీక్షయే చేయాలి. మూడు అంకెలనూ నల్లబల్లపై వరుసగా వ్రాస్తే, స్నిగ్ధత అన్న మాటకు నిఘంటువు అక్కరలేకుండానే అర్థం తెలుస్తుంది.

కలగలుపు పాళ్ళు

బయోడీజిల్‌ను చాలవరకు డీజిల్‌లో కలిపియే వాడుతారు. నూటికి 20 పాళ్ళు బయోడీజిల్ ఉంటే దానిని బి-20 అంటారు. ఇది డీజిల్ కంటె శుభ్రంగా మండడానికి ముఖ్యకారణం దాని అణువులోనే ఉన్నది. నేలనూనెలో ఆమ్లజని ఉండదు. బయోడీజిల్ బరువులో సుమారు 11 పాళ్ళు ఆమ్లజనియే. బయటి గాలి అందని బొట్టు నడుమ కూడ మంటకు కొంత సాయం లోపలినుండే లభిస్తుంది. చద్దిమూట కట్టుకొని పొలం పోయిన రైతు ఇంటినుండి కూడు వచ్చేవరకు ఎదురుచూడనట్లే ఇది.

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ అనేక పరీక్షల ఫలితాలను క్రోడీకరించి 2002లో ప్రకటించిన నివేదిక ప్రకారం, బి-20 వాడిన ఇంజనులలో సగటున పొగకణాలు 10 శాతం, కార్బన్ మోనాక్సైడు 11 శాతం, మండని హైడ్రోకార్బనులు 21 శాతం తగ్గినవి. నత్రజని ఆక్సైడులు మాత్రం 2 శాతం పెరిగినవి. ఈ చివరి అంకెను దాచి తక్కినవానిని చాటడం ప్రచారమవుతుంది గాని శాస్త్రం కాదు. బయోడీజిల్‌లో శక్తి కూడ డీజిల్ కంటె కిలోకు పదింట ఒక వంతు తక్కువ. కనుక కలగలుపు పాలు పెరిగినకొద్దీ అదే దూరానికి కొంచెం ఎక్కువ ఇంధనం ఖర్చవుతుంది.

లాంచీవానికి తెలియవలసిన సంగతులు మరికొన్ని కలవు. బయోడీజిల్ నూరు డిగ్రీలు దాటి వేడెక్కితే గాని అంటుకొనదు. పడవలో నిల్వకు ఇది మేలు. నీటిలో ఒలికినపుడు నేలనూనెకన్న త్వరగా సూక్ష్మజీవులు దానిని జీర్ణించుకొంటాయి. నదికి ఇది మేలు. కాని పాత టాంకుల గోడలకు పేరుకొన్న మష్టును అది కరిగించి వడపోత గుడ్డను మూసివేస్తుంది. కనుక మొదటి రోజులలో ఫిల్టరును తరచు మార్చాలి. సహజమైన రబ్బరుతో చేసిన గొట్టాలను, వాషర్లను అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. చిరకాలం నిలవ ఉంచితే గాలి తగిలి పాడవుతుంది. మేలుతోపాటు ఈ కీళ్ళను కూడ తెలిసినవాడే దానిని లాభసాటిగా వాడగలడు.

రవ్వంత కణం చేసే పని

పెరిగిన నత్రజని ఆక్సైడులను అణచి, మిగిలిన మసిని కూడ దహించే ఉపాయం ఏమైనా కలదా అని వెదకిన శాస్త్రజ్ఞులు నానోకణాల దగ్గరకు వచ్చినారు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్ల వంతు. అంత చిన్నదానితో ప్రయోజనమేమిటో ఒక చిన్న లెక్క తెలుపుతుంది. నలువైపుల ఒక సెంటీమీటరున్న ఘనం ఒకటి తీసుకొంటే, దాని ఆరు ముఖాల వైశాల్యం ఆరు చదరపు సెంటీమీటర్లు, తపాలా బిళ్ళంత. అదే ఘనాన్ని 10 నానోమీటర్ల ఘనాలుగా తరిగితే, వాటి ముఖాల మొత్తం వైశాల్యం 600 చదరపు మీటర్లవుతుంది. అనగా కోనసీమ కొలతలో దాదాపు పదిహేను సెంట్ల నేల. పదార్థం గోరంతయే, అది పనిచేయడానికి దొరికిన తావు ఒక ఇంటిస్థలాన్ని మించినది. ఉత్ప్రేరకం పనిచేసేది దాని ఉపరితలం మీదనే గనుక, ఈ తరుగుడులోనే దాని బలమంతా ఉన్నది.

ఈ పనికి ఎక్కువగా పరీక్షించినది సీరియం ఆక్సైడు. దాని స్వభావం చిత్రమైనది. ఎదుట మసి ఉన్నపుడు అది తనలోని ఆమ్లజనిని కొంత ఇచ్చివేసి ఆ మసిని మండిస్తుంది. ఇచ్చిన లోటును నత్రజని ఆక్సైడు నుండి ఆమ్లజనిని లాగుకొని పూరించుకొంటుంది. అప్పుడు మిగిలేది నిరపాయమైన నత్రజని. ఒకరి దగ్గర అప్పు తీసుకొని మరొకరికి ఇచ్చి, తాను మాత్రం ఎప్పటివలె నిలిచే మధ్యవర్తి వంటిది ఆ కణం. అల్యూమినియం ఆక్సైడు వంటి మరికొన్ని కణాలు వేడిని త్వరగా బొట్టుకు అందించి, మంట మొదలయ్యే వ్యవధిని తగ్గిస్తాయని చెబుతారు.

కేరళలోని కాలికట్ జాతీయ సాంకేతిక సంస్థ పరిశోధకులు 2010లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయంలో ఎక్కువగా ఉదహరింపబడుతున్నది. అడవి ఆముదపు బయోడీజిల్‌లో పదిలక్షల పాళ్ళకు 20 మొదలు 80 పాళ్ళ వరకు సీరియం ఆక్సైడు కలిపి వారు ఇంజనును నడిపినారు. మండని హైడ్రోకార్బనులు 25 నుండి 40 శాతం వరకు, నత్రజని ఆక్సైడులు దాదాపు 30 శాతం వరకు తగ్గినట్లు, ఇంజను సామర్థ్యం ఒకటిన్నర శాతం మేర పెరిగినట్లు వారు వ్రాసినారు. తరువాత అనేక ఇంజనీరింగు కళాశాలల్లో ఇట్టి ప్రయోగాలే సాగినవి. వీటిలో పెక్కు కిర్లోస్కర్ వారి ఒక సిలిండరు ఇంజనుమీద జరిగినవి. గోదావరి పొలాలలో ఆయిలింజనని పిలుస్తూ నీరు తోడుకొనే యంత్రం ఆ జాతిదే. ప్రయోగశాలకు, పొలంగట్టుకు నడుమ దూరం ఈ విషయంలో అంత పెద్దది కాదు.

ఆ కణం ఎటు పోతుంది?

ఇక్కడ ఒక ప్రశ్న వేయకుండా ముందుకు సాగరాదు. నూనె మండి వాయువై పోతుంది. కలిపిన లోహం ఏమవుతుంది? సీరియం కాలి అదృశ్యం కాదు. ఇంజనులోనికి పోయినంతా కొంత ఆలస్యంగానైనా గొట్టంగుండా బయటికి రావలసినదే. దినానికి నూరు లీటర్లు త్రాగే లాంచీలో పదిలక్షలకు 80 పాళ్ళ చొప్పున కలిపితే, ఆరేడు గ్రాములు. ఏడాదికి 200 దినాలు నడిస్తే కిలోకు పైన. చూడ్డానికి స్వల్పం, కాని ఒక్క గ్రాము కణాల విస్తీర్ణమెంతో పైని లెక్క చెప్పనే చెప్పినది. ఇంజనులో మేలుచేసిన ఆ సూక్ష్మత్వమే ఊపిరితిత్తులలో కీడు చేయవచ్చును. ముక్కులోని వెండ్రుకలు, గొంతులోని తేమ పెద్ద ధూళిని ఆపగలవు; నానోకణాలు ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరగలవు.

అమెరికాలోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ 2001లోనే సీరియం కలిపిన డీజిల్‌ను గూర్చి ఒక నివేదిక వెలువరించినది. ఉన్న సమాచారాన్ని బట్టి ప్రమాదం స్వల్పం కావచ్చునన్నా, పూర్తి నిర్ణయానికి ఆ సమాచారం చాలదని ఆ సంస్థ హెచ్చరించినది. ఫ్రాన్సులో ప్యూజో కంపెనీ 2000 సంవత్సరంలో తన 607 కారులో సీరియం ద్రావకాన్ని వాడినపుడు, పొగగొట్టంలో కణాలను పట్టి ఉంచే జల్లెడను కూడ అమర్చినది. మసి ఆ జల్లెడలో చిక్కుకొంటుంది. సీరియం అక్కడ ఆ మసిని తక్కువ వేడిలోనే కాల్చి, తాను బూడిదగా జల్లెడలోనే మిగులుతుంది. మందును, దాని పథ్యాన్ని కలిపి ఇచ్చిన వైద్యమిది. జల్లెడ లేని పాత లాంచీ ఇంజనులో కణాన్ని మాత్రమే కలిపితే అది పథ్యం లేని మందవుతుంది.

పట్టిసీమ విషయంలో ఈ హెచ్చరికకు బరువు మరింత హెచ్చు. 2015లో ఇక్కడ నెలకొల్పిన ఎత్తిపోతల పథకంలో 24 పంపులు కలవు. అవన్నీ విద్యుత్తుతో నడిచేవి. అవి సెకనుకు 8,500 ఘనపుటడుగుల గోదావరి నీటిని పోలవరం కుడికాలువలోనికి ఎత్తి కృష్ణకు పంపగలవు. ఈ రేవు దగ్గర నీటిమీద పడినది ఈ రేవు దగ్గరనే ఉండిపోదు. రెండు నదుల క్రింది పైరులకు, బిందెలకు దానితో సంబంధమున్నది. నానోకణాలు పనికిరావని దీని అర్థం కాదు. ప్రయోగశాలలో అవి చూపిన ఫలితాలు సత్యమే. ప్రయోగశాల గోడ దాటి నదిమీదకు రావడానికి అవి ఇంకొక పరీక్షలో కూడ నెగ్గవలసి ఉన్నదని మాత్రమే దీని తాత్పర్యం.

కానుగ లెక్క

కలగలుపుకు నూనె ఎక్కడిది? భారతదేశం తాను వాడే వంటనూనెలో సగానికి పైగా పరదేశాల నుండి తెచ్చుకొంటున్నది. అట్టి దేశంలో వేరుశనగ, పామ్ నూనెలను ఇంజనుకు పోయడం కూటికుండను పొయ్యిలో పెట్టడమే. అందువల్ల తినని నూనెలు వెదకవలసి వచ్చినది. ఈ శతాబ్దపు ఆరంభంలో అడవి ఆముదంపై దేశమంతటా పెద్ద ఆశలు పెట్టుకొన్నారు. బీడునేలలో నీరులేకుండ కాస్తుందన్నారు. నాటినచోట చాలవరకు అనుకొన్న కాపు రాలేదు, రైతులు నష్టపడినారు.

కానుగ తెలుగువారికి క్రొత్తది కాదు. దాని పుల్ల పండ్లు తోముకొనడానికి, దాని రొట్ట వరిచేలకు ఎరువుగా, దాని నూనె దీపానికి, చర్మరోగాలకు తరతరాలుగా వాడుకలో ఉన్నవి. వేళ్ళ బుడిపెలలో నత్రజనిని నిలిపి నేలను బలపరచే జాతి అది. ఆదిలాబాదు మన్యంలోని పవర్‌గూడ అనే గోండు పల్లెలో స్త్రీల సంఘాలు కానుగ మొక్కలు పెంచి, గింజలు గానుగ ఆడించినవి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ వారికి తోడ్పడినది. ఆ నూనె వాడకంవల్ల తగ్గగల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు వెలగట్టి, 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ స్త్రీలకు 645 డాలర్లు చెల్లించినది. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సభకు విమానాలలో వచ్చినవారు విడిచిన పొగకు అది పరిహారం. ఆ జిల్లాలోనే చల్పడి గ్రామంలో బెంగుళూరు విజ్ఞాన సంస్థ ఆచార్యుడు ఉడుపి శ్రీనివాస ప్రోత్సాహంతో కానుగ నూనె పోసి జనరేటరు నడిపి, ఇండ్లలో దీపాలు వెలిగించినారు. మొత్తం చిన్నదే కావచ్చును. అడవిపల్లె స్త్రీ ఏరిన గింజకు సముద్రాల కావలివారు వెల చెల్లించడం చిన్నమాట కాదు.

గోదావరి ముఖద్వారాన కాకినాడలో 2008లో యూనివర్సల్ బయోఫ్యూయల్స్ వారి కర్మాగారం వెలసినది. ఏడాదికి లక్షన్నర టన్నుల బయోడీజిల్ తయారుచేయగల శక్తి ఆరంభంలో దానికి ఉండెను. యంత్రశక్తి ఉన్నది, కొరత ముడిసరుకుది. 2018లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం నిర్ణయించినది. ఆ సంవత్సరమే ఆహార ప్రమాణాల సంస్థ, కాగి కాగి నల్లబడిన వంటనూనెను మరల వంటకు వాడకుండ సేకరించి బయోడీజిల్‌కు మళ్ళించే పథకాన్ని ఆరంభించినది. పునుగులు, బజ్జీలు వేగిన మూకుడులో మిగిలిన నూనెకు కూడ ఆ విధంగా ఒక ప్రయోజనం ఏర్పడినది.

ఒక్క లాంచీకి ఎన్ని చెట్లు కావాలో విద్యార్థులు స్వయంగా గుణించి చూడవచ్చును. దినానికి నూరు లీటర్లు వాడే లాంచీకి బి-20 పోస్తే, అందులో బయోడీజిల్ 20 లీటర్లు. దానికి సుమారు 19 కిలోల నూనె కావాలి. పల్లెటూరి గానుగలో గింజబరువులో నాల్గవ వంతు నూనె దిగుతుందనుకొంటే, 75 కిలోల గింజ. ఏడాదిలో 200 దినాలకు 15 టన్నులు. చెట్టుకు 20 కిలోల చొప్పున లెక్కిస్తే 750 చెట్లు. అయిదేసి మీటర్ల ఎడంతో నాటితే అయిదెకరాలకు కొంచెం తక్కువ. పైగా నాటిన నాలుగైదేండ్లకు గాని కానుగ కాపుకు రాదు. ఒక్క లాంచీ ఇంధనంలో అయిదవ వంతుకు ఇంత! లాంచీలకేమో గాని, రాష్ట్రంలోని లారీలన్నిటికీ కానుగ సరిపోతుందని ఎవరైనా అంటే, ఈ లెక్క చూపి నవ్వవచ్చును. కాలువగట్లు, బాటల ప్రక్కలు, పాఠశాలల ఆవరణలు కలిస్తే కొన్ని లాంచీలకైనా సరిపోగలదనడంలో మాత్రం అతిశయోక్తి లేదు.

ముందుగా చేయవలసినది

నల్లని పొగకు ఇంధనమే అన్నివేళలా కారణం కాదు. అరిగిన నాజిలు, దుమ్ముతో మూసుకొన్న గాలి ఫిల్టరు, తప్పిన పంపు టైమింగు, మోతాదు మించిన బరువు, ఇవి నాలుగూ మంచి డీజిల్‌ను కూడ పొగగా మారుస్తాయి. వీటిని సరిచేయడానికి కానుగతోట అక్కరలేదు. నానోకణాలు అంతకన్నా అక్కరలేదు. మెకానిక్కు ఒక పూట పని చాలును. పిదప, గొట్టాలు, వాషర్లు మార్చి, ప్రమాణానికి సరిపడిన బయోడీజిల్‌ను తగుపాళ్ళలో కలపడం రెండవ మెట్టు. పొగగొట్టానికి జల్లెడ, దానితోపాటు నానోకణం, మూడవ మెట్టు. మొదటి మెట్టు ఎక్కకుండ మూడవదానికి ఎగురబోతే ఖర్చు మిగులుతుంది, పొగ కూడ మిగులుతుంది.

శివరాత్రి గడిచిన మరునాడు పట్టిసీమ రేవు ఖాళీ అవుతుంది. విరిగిన కొబ్బరిచిప్పలు, వాడిన పూలు ఒడ్డున మిగులుతాయి. లాంచీ మాత్రం తన మామూలు ప్రయాణానికి మరల బయలుదేరుతుంది. ఇంజను గదిలోని మనిషి మసిగుడ్డతో చేతులు తుడుచుకొని, తలపై తుండుగుడ్డ చుట్టుకొని, క్రిందికి దిగుతాడు. అతడు సీరియం పేరు వినియుండడు. డీజిల్ ఒక మనిషి పేరని కూడ ఎరుగడు. కాని గొట్టం నుండి వచ్చే పొగ రంగు చూసి ఇంజను ఆరోగ్యం చెప్పగలడు. అతని ఆరోగ్యాన్ని కూడ ఆ రంగును బట్టియే చెప్పవచ్చునని గ్రహించి, ఆ నలుపును ఒక్క పిసరైనా తగ్గించగలిగిన నాడు, ప్రయోగశాలల శ్రమ ఆ రేవు చేరినట్లు.